రాహేలమ్మ తోడు

2022లో గూడూరులోని ఒక డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. కిడ్నీలు పనిచేయనివాళ్ళకు రోజు మార్చి రోజు, నాలుగేసి గంటలు యంత్రంతో రక్తం శుభ్రం చేస్తాం. చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఫిస్టులా దగ్గరే సూదులు గుచ్చుతాం. ఆ చేత్తో బరువులు లాగకూడదు.

శ్రీను పులికాట్ సరస్సులో చేపలు పట్టేవాడు. ఇరవై ఆరేళ్ళు. వరసగా రెండుసార్లు రాలేదు. మూడోసారి కూడా మానేస్తే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. పొద్దున ఆరున్నరకే ఫోన్ చేసి చెడామడా తిట్టాను.

"చచ్చిపోతావు, తెలుస్తుందా?"

"వల లాగే చెయ్యి మీకిచ్చేసినాక ఉండి ఏం జెయ్యాల సిస్టర్?" అని పెట్టేశాడు.

అతని పక్క బెడ్ రాహేలమ్మది. డెబ్బై దాటినావిడ. దొరవారిసత్రం నుంచి మూడేళ్ళుగా రైల్లో ఒంటరిగా వచ్చేది. శ్రీను ఊరు ఆమె ఊరికి దగ్గరే. అతన్ని ఎలాగైనా వెంటబెట్టుకు రమ్మని ఆమెకు ఫోన్ చేశాను. "సరేలేమ్మా" అంది, అంతే.

ఎనిమిదికి రెండు యంత్రాలూ సిద్ధం చేశాను. ఎనిమిదిన్నరైంది. ఇద్దరూ లేరు. ఆమె ఫోన్ ఎత్తలేదు. అతనికోసం ఆమెను కూడా పోగొట్టుకుంటానేమోనని గేటుకూ వార్డుకూ తిరుగుతూనే ఉన్నాను. ఒక పేషెంటుకు బీపీ చూసి, రాయడం మరిచి, మళ్ళీ చూశాను.

తొమ్మిదింబావుకు ఆటో ఆగింది. శ్రీను మొహం ఉబ్బి ఉంది, ఆయాసపడుతున్నాడు. అయినా ఆమె సంచి అతని భుజానే ఉంది.

"అవ్వకు ఒక్కతే రావాలంటే భయమంట. తోడొచ్చినా" అన్నాడు.

మొదటి రెండు గంటలూ అతని మానిటర్ మీంచి చూపు తిప్పలేదు. గుండె లయ కుదుటపడి అతను నిద్రపోయాక రాహేలమ్మ దగ్గరికెళ్ళాను.

"భలే అబద్ధం చెప్పినారమ్మా."

"అబద్ధమేంది? మూడేళ్ళుగా భయపడతానే వస్తాండా. ఎవురికీ చెప్పలా. నువ్వు అబ్బయ్యను బెదిరించినావు. భయం వాడికాడ శానా ఉండాది. నా భయం చెప్తే తోడొస్తాడనుకున్నా."

మూడేళ్ళుగా ఆమెకు సూది గుచ్చింది నేనే. ఒక్కసారీ అడగలేదు.

ఆ తర్వాత ఆమె పోయేదాకా ఇద్దరూ కలిసే వచ్చారు. శ్రీను ఇప్పటికీ వస్తున్నాడు. రానని మొండికేసేవాళ్ళకు ఫోన్ చేసినప్పుడు ఇప్పుడు నేను పొటాషియం మాట, చావు మాట ఎత్తను. "మీరు రాకపోతే నాకు భయంగా ఉంటుంది" అంటాను. అది నిజమే.