ఏది దేనికి పుట్టింది

ఈ దీవిలో, గరాచర్మలో మా ఇంటి కొళాయి నీళ్ళిచ్చే ముందు ఒకసారి దగ్గుతుంది. ఆ వెనక తుప్పు వాసన, ఆ తర్వాతే నీళ్ళు. ఈ ఉదయం బిందె పెట్టి, దాని దగ్గుకు నా దగ్గు జతచేసి నిలబడితే పరమేశం మేష్టారు గుర్తొచ్చారు. దేన్ని చూసినా ఆయనది ఒకటే ప్రశ్న: "ఇది దేనికి పుట్టిందమ్మా?"

మేష్టారిది శ్రీకాకుళం వైపు. హోప్ టౌన్ దారిలో మా చిన్న బడికి ఆయన హెడ్మాస్టరు. నేను కొత్తగా చేరిన లెక్కల టీచర్ని; లెక్కకు ఒక టీచర్ని అన్నా తప్పులేదు. బెంగాలీ, తమిళ, తెలుగు పిల్లలు, రాంచీ నుంచి వలసొచ్చినవాళ్ళ పిల్లలు ఒకే బల్లమీద కూర్చునేవారు. ఒకరి శాస్త్రం ఇంకొకరికి చెల్లదు. అందుకని ఆయన ఏ గ్రంథమూ తెరవకుండానే నీతి చెప్పేవారు. బతకాలి, బిడ్డల్ని పెంచాలి, నిజం తెలుసుకోవాలి, నలుగురితో కలిసి ఉండాలి. ఇవి మనిషి పుట్టుకలోనే ఉన్నాయి, కాస్త ఆలోచిస్తే ఎవరికైనా తెలుస్తాయి, వీటికి అడ్డొచ్చే ఆర్డరు ఎంత పైనుంచి వచ్చినా ఆర్డరు కాదు అనేవారు. జీతమిచ్చే ఆఫీసు గురించి అలా వినడం నాకు భయంగానూ ఉండేది, హాయిగానూ ఉండేది.

హోప్ టౌన్ పేరులో ఆశ ఉంది గాని, ఒక ఎండాకాలం బావుల్లో నీళ్ళు లేవు. బడి ట్యాంకుకు తాళం వెయ్యాలని, బయటివాళ్ళకు నీళ్ళివ్వకూడదని పై ఆఫీసు ఆదేశం. వేశాం. మర్నాడు చేపలమ్మే నూకాలమ్మ బిందెతో వచ్చింది.

"తాలా ఏసీసినారేటి దీదీ? మా నూతిలో ఉప్పునీరే. పిల్లలు తాగనేకపోతన్నారు."

"ఆర్డరమ్మా, నేనేం చెయ్యను," అన్నాను. మేష్టారు వెనకే ఉన్నారు.

"ట్యాంకు దేనికి పుట్టిందమ్మా?"

"నీళ్ళకి."

"నీళ్ళు?"

"దాహానికి."

"మరి తాళం?"

నేను తాళంచెవి ఇచ్చేశాను. ఆయనకు మెమో వచ్చింది, రావలసిన ప్రమోషన్ రాలేదు. ట్యాంకు మాత్రం మళ్ళీ మూతపడలేదు. ఏ అధికారమూ లేనివాడు కూడా అధికారాన్ని కొలవగల బద్ద ఒకటుందని ఆ రోజు నమ్మాను.

కొన్నేళ్ళకు అదే బద్ద నా మీదికి వచ్చింది. రెండో కాన్పులో నాకు నెత్తురు ఆగలేదు. ఇంకో కాన్పుకు ప్రాణం నిలవదని, ఆపరేషన్ చేయించుకొమ్మని డాక్టరమ్మ చెప్పింది. దానికి మావారి సంతకం కావాలి. ఆయన మంచివారే. మేష్టారి మాటంటే ఆయనకూ గురి; చెయ్యి కదలాలంటే ముందు మేష్టారు సరే అనాలి, అంతే. ఆదివారం చంటిదాన్ని ఎత్తుకుని ఇద్దరం ఆయనింటికి వెళ్ళాం.

"తప్పమ్మా," అన్నారు మేష్టారు అంతా విని. "గర్భం బిడ్డకోసం పుట్టింది. దానికి నువ్వే తాళం వేస్తానంటే ఎలా? అది సహజం కాదు."

ఎంత అలసిపోయి ఉన్నానో, ఆయన సహజం అంటే నా చెవికి సహనం అని వినబడింది.

"మరి మీ కళ్ళజోడు సహజమా మేష్టారూ? ముక్కు దానికోసం పుట్టిందా?"

"ఊరుకో," అన్నారు మావారు.

"కళ్ళజోడు చూపుకి సాయం చేస్తుంది. ఇది ఉన్నదాన్ని ఆపుతుంది," అన్నారు మేష్టారు, కోపం లేకుండా. అందులో సబబు ఉంది. అదే నాకు కష్టమైంది.

"బతకడం మొదటి ధర్మమన్నారు."

"అన్నాను. బిడ్డలూ ధర్మమే అన్నాను."

"రెండూ కొట్టుకుంటే?"

చంటిదాన్ని ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

"ట్యాంకు దేనికి పుట్టిందో మీకు తెలుసు. నేను దేనికి పుట్టానో కూడా మీకే తెలుసా?"

చంటిది ఏడ్చి, పాలు తాగి, నిద్రపోయింది. అప్పుడాయన మావారితో అన్నారు: "నన్నడిగి సంతకం పెట్టకు బాబూ. నా మనసు ఒప్పుకోదు. కానీ ఈవిడ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు."

"క్యా కరేంగే, మేష్టారే చేతులెత్తేశారు," అన్నారు మావారు తిరిగొస్తూ ఫెర్రీ పడవలో. ఆయన చేతులెత్తాకే ఈయన చెయ్యి కదిలింది. మర్నాడు సంతకం పెట్టారు.

నేను సెలవులో ఉన్నన్నాళ్ళూ నా క్లాసులు మేష్టారే తీసుకున్నారు. తిరిగి వెళ్ళిన రోజు అడిగాను, "ఒప్పుకున్నారా?"

"లేదమ్మా. పిల్లలకి భాగహారం దాకా వచ్చింది," అన్నారు.

చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన్ని తప్పుపట్టే ఓపిక నాకిప్పుడు లేదు. తప్పుపట్టడానికి ఇంతకాలం బతికి ఉన్నానంటే అది ఆయన జవాబు చెప్పలేకపోయిన ఆ ఆదివారం వల్లనే. ప్రకృతి ఏదో చెబుతుంది, నిజమే. కానీ దాన్ని మనకు చదివి వినిపించేది ఎప్పుడూ ఎవరో ఒక మనిషే, ఆ మనిషికి కాన్పు నొప్పి తెలియకపోవచ్చు.

ఆయన ప్రశ్నను నేను వదలలేదు. తాళాల్ని, ఆర్డర్లను, రూల్సును ఇప్పటికీ అదే అడుగుతాను. మనిషి సంగతి వచ్చినప్పుడు మాత్రం ఇంకెవర్నీ అడగను, ఆ మనిషినే అడుగుతాను. ఈమధ్య మనవరాలిని, నువ్వు దేనికి పుట్టావే అని అడిగాను. ఇంకా ఆలోచిస్తోంది. ఆలోచించనీ, నేనూ కూర్చునే ఉన్నాను. లేద్దామన్నా మోకాళ్ళు లేవనివ్వవు.