సొరచేపా, చెట్టు కంగారూ, ఇద్దరు తోటికోడళ్ళు

తను పనిచేసే మ్యూజియంలోనే చిన్నకోడలూ చేరిన రోజున పెద్దకోడలికి కడుపుమంట మొదలైంది. పదహారేళ్ళుగా పెద్దామె చూసుకుంటున్నది లోతు సముద్రపు సొరచేపను. చచ్చిన చేపే, గాజు తొట్టిలో, కుళ్ళకుండా పోసిన మందునీళ్ళలో, పాచిరంగున పడి ఉంటుంది. నీళ్ళు తగ్గితే పోయాలి, గాజు తుడవాలి. చిన్నామెకేమో పక్కగదిలో చెట్టు కంగారూ దక్కింది. కొమ్మ మీద కూర్చోబెట్టిన బొచ్చు జంతువు, దాని పొట్టసంచిలోంచి తొంగిచూసే పిల్ల. బడిపిల్లలు చేపను చూసి మొహం చిట్లించేవారు. కంగారూ దగ్గరనుంచి మాత్రం పొమ్మన్నా పోయేవారు కాదు.

"సంచిలో పది నెలలు మోస్తే అంత గొప్పా? నా చేప కడుపులో మూడేళ్ళు మోస్తుందంటారు. పైగా దానిది ఉత్త తోలు, లోపలంతా పీచు. నాది నిలువెల్లా చేపే," అని పెద్దామె కనబడినవాళ్ళందరితో వాదించేది. వాళ్ళు తలూపి పక్కగదిలోకి జారుకునేవారు.

ఇంతలో ముఖద్వారం దగ్గర కొత్తగా అద్దాల గది కట్టారు. ఒక్కదానికే చోటు. ఏది పెట్టాలో నెలాఖరుకు చెబుతానన్నాడు ఆఫీసరు. ఆయన మొగ్గు కంగారూవైపేనని అందరికీ తెలుసు.

ఆ వారం చిన్నామెకు జ్వరమొచ్చింది. కంగారూ దుమ్ము దులిపే పని పెద్దామె మీద పడింది. చెవి వెనక బొచ్చు పాయదీస్తే బియ్యపుగింజంత తెల్ల పురుగులు నాలుగైదు కనిపించాయి. అప్పుడే చెబితే మందు పెట్టి కాపాడేవారు. ఆమె బొచ్చు సర్దేసి చేతులు కడుక్కుంది.

"నా గదిలో అంతా బాగానే ఉందా అక్కా?" అని సాయంత్రం మంచంలోంచి అడిగింది చిన్నామె.

"ఏముంటుంది, దుమ్మే. మాత్ర వేసుకుని పడుకో."

నెలాఖరు వచ్చేసరికి కంగారూ బొచ్చు గుప్పెళ్ళుగా రాలింది. దాన్ని తీసి పారేశారు. తన అజాగ్రత్తే అనుకుని చిన్నామె రెండు రోజులు అన్నం ముట్టలేదు. సొరచేప ముఖద్వారానికి చేరింది.

అద్దాల గది తలుపులు తెరిచిన రోజున చిన్నామె తనంతట తనే గుడ్డ పట్టుకొచ్చి గాజు మెరిసేలా తుడిచింది. వెనక్కి తగ్గుతున్న పిల్లల్ని దగ్గరకు పిలిచింది.

"భయం లేదు, రండి. ఆ కళ్ళు చూడండి, ఎంత పెద్దవో. మా అక్క ఎంత బాగా చూసుకుందో దీన్ని."

పిల్లలు గాజుకు ముక్కులు ఆనించారు. పెద్దామె తోటికోడలి మొహంలో కుళ్ళు కోసం వెతికింది. ఇసుమంతైనా లేదు. పక్కవాళ్ళ మంచి చూసి సంతోషించడం ఈ పిల్లకు ఎలా వచ్చిందో, తనకెందుకు రాలేదో తెలియక, పెద్దామెకు ఎన్నడూ లేనంత ఈర్ష్య కలిగింది.