పగ్గం పట్టుకున్నందుకు

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియనిదంటూ ఉండకూడదని ఒక పిచ్చి ఉండేది. గోదావరిఖనిలో బొగ్గు గనిలో చేరి ఏడాది కూడా కాలేదు. కనిపించిన ప్రతిదాన్నీ ‘ఇదేంది, ఎందుకు’ అని అడిగి పెద్దవాళ్ల ప్రాణం తీసేవాణ్ని. అందుకే షిఫ్టు మొత్తం నన్ను ‘ఎందుకన్న’ అనే పిలిచేది (అసలు పేరు హాజరు పుస్తకానికే పరిమితమైంది). ఒక్క విషయంలో మాత్రం నా ప్రశ్నలు చెల్లేవి కావు. గని లోపల చీకట్లో పెద్దవాళ్లు ఏదైనా చేతికందిస్తే ముందు పట్టుకోవాలి, తర్వాతే అడగాలి. ఒకసారి అలా పట్టుకోకుండా తాడు జారవిడిచి తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. అప్పటినుంచి ఎవరు ఏది చాపినా నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్లేవి.

నాతో పనిచేసే బక్కోడు సెలవు మీద ఇంటికి వెళ్తూ, “మా ఊరి ఎడ్ల అంగడి చూడాలెరా, నిజాం జమాన సంది నడుస్తున్నది” అని ఊరించాడు. ఆ ఆదివారం పొద్దున్నే నా పాత బండి మీద బయలుదేరాను. పెద్దపల్లిలో చాయ్ తాగాను. తిరుగు దారిలో కరీంనగర్ వెళ్లి సెల్‌ఫోన్ కొనాలని, నెలల తరబడి దాచిన డబ్బంతా లోపలి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చుకున్నాను. బక్కోడి నాన్న (నేను కాకా అనేవాణ్ని) దగ్గరుండి ఊరంతా తిప్పాడు. వ్యాపారులు దిగిన పాత సత్రం, పొడవాటి రాతి తొట్లు, తాళ్ల ఒరిపిడికి నడుము సన్నబడిన రాతి గుంజలు చూశాను. ఒక గుంజ గాడిలో వేలు పెట్టి, ఇంత అరగాలంటే ఎన్ని ఎడ్లు పెనుగులాడి ఉండాలని అడిగాను. “గది ఎడ్లనే అడగాలె బిడ్డా” అన్నాడు కాక, విసుగు దాచుకుంటూ.

అంగడిలో ఓ పక్కన ఒంటెద్దుతో ఒక అవ్వ నిలబడి ఉంది. నేను ఆగాను. దీని పేరేంది, కొమ్ము ఎందుకు వంగింది, ఏం పెడితే ఇష్టంగా తింటుంది, దేనికి బెదురుతుంది... అవ్వ అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. చివరికి ధర కూడా అడిగాను (అది కూడా ఉత్త ఉబలాటమే). చెప్పింది. మంచిగనే ఉందన్నాను.

“దీని జోడి సచ్చిపోయింది బిడ్డా. రెండంగళ్లు తిప్పిన. వచ్చినోళ్లు పండ్లు చూస్తరు, గిట్టలు చూస్తరు. పేరడిగినోనివి నువ్వొక్కనివే. ఇగ పట్టు” అంటూ పగ్గం చాపింది.

రెండు చేతులతో పట్టుకున్నాను.

“సౌదా అయిపాయె!” అని చుట్టూ ఉన్నవాళ్లు అరిచారు. కాక పరుగెత్తుకొచ్చాడు. “పగ్గం పట్టినవా? గిట్ల చేస్తివేంది బిడ్డా! పగ్గం పడితె కొన్నట్టే. వాపసిస్తే ఎద్దుల ఏదో ఐబు, ఏదో లోపమున్నదనుకుంటరు. ఈ అంగట్ల మల్ల ఎవలు ముట్టరు.”

నేనుండేది ఇద్దరం పడుకుంటే తలుపు తెరుచుకోని గదిలో. తిరిగి ఇచ్చేస్తే నేను గట్టెక్కుతాను, అవ్వ ఎద్దు మాత్రం ఎవరికీ కాకుండా పోతుంది. అటు చూస్తే ఆమె దాని చెవి దగ్గర ఏదో చెబుతూ, కొంగుతో దాని కళ్లు తుడుస్తోంది. పిన్నీసు తీశాను.

“మంచి సెల్లే కొన్నవ్‌రా” అన్నాడు బక్కోడు. “చార్జింగ్‌కు గడ్డి ఎయ్యాలె.” కాక మాత్రం నవ్వలేదు. “మా కొట్టంల కట్టెయ్, ఫికర్ జెయ్యకు” అన్నాడు.

మరుసటి ఆదివారం ఎద్దును చూడటానికి మళ్లీ వెళ్లాను. కాసేపటికి అవ్వ వచ్చింది, సంకలో పచ్చగడ్డి మోపుతో. ఈసారి ప్రశ్నలు ఆమెవి. కుడితి తాగుతున్నదా? ఉరుముకు బెదురుతదని చెప్పిన, యాదికున్నదా? మెడ గోకితె ఎటు దిక్కు వంచుతది? అన్నిటికీ జవాబు చెప్పాను. పరీక్షల్లో కూడా నేనంత భయపడలేదు.

“దీని పేరేంది?” అంది ఆఖరున.

“రాజన్న.”

అవ్వ తలాడించి, ఎద్దు గంగడోలు నిమిరి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆ ఎద్దు కాక పొలంలోనే ముసలిదయింది. నేను సెల్‌ఫోన్ కొన్నది మరుసటి ఏడాది.

ఇప్పుడు నా దగ్గర రెండు ఫోన్లున్నాయి. ఎవరైనా కాగితం ముక్క చాపినా కళ్లజోడు సవరించుకుని పది ప్రశ్నలు వేస్తాను, తీరా జవాబు చెప్పాక చేతులు వెనక్కి కట్టుకుంటాను. జాగ్రత్త నేర్చుకున్నానని ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు. పగ్గం పట్టుకున్న ఆ ఎందుకన్న మీద మాత్రం నాకు బెంగగా ఉంటుంది. అవ్వ ఎదురుగా ఉంటే ఏమనేదో నాకు తెలుసు: “ఎంతసేపు అడుగుతవ్ బిడ్డా? ఇగ పట్టు.”