తమ్ముడి వంతు ఆకు

మల్బరీ ఆకు పసరు వాసన తగిలితే నాకు తమ్ముడి ఎడమచెయ్యి గుర్తొస్తుంది. నాలుగేళ్లు నిండినా ఆ వేళ్లు బిగుసుకునే ఉండేవి. బేతమంగళలో మా ఇంటికి వారానికోసారి వచ్చే థెరపీ మేడమ్ అమ్మతో, "పట్టుపురుగులకేసే ఆకు దినమూ వీడి ఎడమచేత్తోనే తెంపించమ్మా, అప్పుడే వేళ్లు సడలతాయి" అంది.

ఒక్క ఆకుకే వాడికి చెమటలు పట్టేవి. బుట్ట నిండితే చెయ్యి బాగైపోతుందనుకుని, అమ్మ పాలు పిండడానికి పోగానే నేనే నింపేసేదాన్ని.

మరుసటి వారం అమ్మ మురిసిపోతూ బుట్ట చూపించింది. "మావోడు ఎంత ఆకు తెంపినాడో చూడండి మేడమ్!"

మేడమ్ వాడి ముందు ఒక కొమ్మ పెట్టింది. వేళ్లు విచ్చుకోలేదు. వాడు నావైపు చూశాడు. నేను పసరు మరకల చేతుల్ని వెనక్కి దాచుకున్నాను.

వాడికిప్పుడు మీసాలొచ్చాయి. చొక్కా గుండీలు పెట్టుకోవాల్సి వస్తే ఇప్పటికీ అలాగే చూస్తాడు. నేను వెళ్లి పెట్టేస్తాను.