రెండో ఫైలు

1994 జూన్‌లో నేను మద్రాసు జార్జి టౌన్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో సీనియర్ ప్రోగ్రామర్‌గా చేరాను. గుంటూరు నుంచి వచ్చినవాణ్ణి, ఆరేళ్ల అనుభవం ఉందన్న పొగరు కూడా వెంట తెచ్చుకున్నవాణ్ణి. నాకప్పగించిన పని వ్యాపారుల డైరెక్టరీ. ఊళ్లోని టోకు దుకాణాల పేర్లు, చిరునామాలు అకారాది క్రమంలో అచ్చుకు సిద్ధం చేయాలి. టైపు చేసేవాళ్లు మూడు నెలలుగా ఎక్కిస్తున్న వివరాలన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. ఇది పూర్తయ్యాక మాలో ఒకరిని ప్రాజెక్ట్ లీడర్‌ను చేస్తానని మేనేజరు అన్నాడు. ఆ కుర్చీ నాదేననుకున్నాను.

నాకన్నా ఒక మెట్టు కింద రాజేశ్వరి ఉండేది. సౌకార్‌పేటలో మూడు తరాలుగా స్టీలు పాత్రల కొట్టు నడుపుతున్న తెలుగు కుటుంబం ఆమెది.

మా యంత్రం యూనిక్స్‌ది. నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేయడమే, బొమ్మలూ మౌసూ లేవు. రెండుసార్లు పడిన చిరునామాలు పట్టుకోవడానికి నేను సగం రోజు కూర్చుని సీ భాషలో పెద్ద ప్రోగ్రాం రాశాను. రాజేశ్వరి అదే పని ఒక్క వరుసలో చేసింది. ఆదేశాల మధ్య నిలువు గీత పెడితే, ఒకదాని ఫలితం తర్వాతిదానికి అందుతుంది. దాన్ని పైప్ అంటారు. మేనేజరు ఆమె కుర్చీ వెనక నిలబడి "భలే" అన్నాడు. నా ప్రోగ్రాం గురించి ఒక్క ముక్క అనలేదు. నాకు కడుపు మండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత దాచడమెందుకు, అది అచ్చమైన అసూయే.

ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. ఫలితాన్ని ఎప్పుడూ కొత్త ఫైల్లోకే పంపేది. పాత ఫైల్లో ఎన్ని వరుసలు, కొత్తదాంట్లో ఎన్ని అని యంత్రం చేత లెక్కపెట్టించి, తేడా లేకపోతేనే కొత్తదాని పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టేది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు తేదీ వేసి ఒక నకలు తీసిపెట్టేది. నేను దాన్ని చాదస్తమన్నాను. ఒకరోజు డిస్కు నిండుతోందని హెచ్చరిక వచ్చింది. నాకు అంతకన్నా ఏం కావాలి? మేనేజరుకు చెప్పి, ఆ నకళ్లన్నీ తీసేయమని ఆమెను ఆదేశించాను. "సరి సార్" అని నా కళ్లముందే తీసేసింది. ఆ పూట నాకు భోజనం రుచిగా ఉంది.

మరుసటి వారం మధ్యాహ్నం మేనేజరు వచ్చి వరుసక్రమంలో పెట్టిన జాబితా అడిగాడు. రాజేశ్వరి భోజనానికి వెళ్లింది. ఒక్క వరుసలో చేయడం నాకూ వచ్చని చూపించే అవకాశం! వరుసలో పేర్చే ఆదేశం సార్ట్ అని కొట్టి, ఫైలు పేరిచ్చి, ఫలితం ఎందులోకి వెళ్లాలో చెప్పే బాణం గుర్తు పెట్టి, మళ్లీ అదే ఫైలు పేరిచ్చాను. ఆమె కొత్త పేరు ఎందుకిస్తుందో నేనెన్నడూ అడగలేదు. బాణం గుర్తు కనబడగానే యంత్రం ముందుగా ఆ ఫైలును ఖాళీ చేస్తుంది, సార్ట్ చదవడం మొదలయ్యేది ఆ తర్వాతే. "చూశారా, ఎంత వేగమో" అన్నాను. అంతలో ఫోనొచ్చి మేనేజరు లోపలికి వెళ్లాడు. ఫైలు తెరిచాను. సున్నా బైట్లు. ఆఫీసు ఫైళ్లకు నకళ్లు దాచే టేపు డ్రైవు నెలల తరబడి మరమ్మతులోనే ఉంది. మూడు నెలల టైపు, నా కుర్చీ, రెండూ పోయినట్టే.

రాజేశ్వరి తిరిగొచ్చి నా ముఖం, తెర మార్చి మార్చి చూసింది.

"అయ్యో, అదే పేరిస్తిరా సార్?" అంటూ సొరుగు లాగి ఒక ఫ్లాపీ తీసింది. "డిస్కులో పెట్టొద్దంటిరి. సొరుగులో పెట్టొద్దనలేదు కదా. నిన్న సాయంత్రందే ఇది. ఈ పొద్దు ఎక్కించిన పేర్లు మాత్రం మళ్లా కొట్టాల."

ఆ పేర్లు నేనే కొట్టాను. ఆమె సార్ట్ చేసి, వరుసలు సరిచూసి, పేరు మార్చింది. మేనేజరుకు చెబుతుందని ఎదురుచూశాను. చెప్పలేదు. తిట్టినా బాగుండేది, కాస్త ద్వేషించడానికి వీలుండేది.

నెల తిరక్కుండా నేను లీడర్నయ్యాను. మొదటి పనిగా పాటించాల్సిన నియమాలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఫలితం కొత్త ఫైల్లోకి పంపాలి, రోజూ నకలు తీయాలి, ఆ నకలు వేరే చోట ఉంచాలి. కింద నా సంతకం. రాజేశ్వరి నిలబడి మొత్తం చదివింది.

"బాగుండాది సార్. పేరు మార్చేముందు వరుసలు లెక్కపెట్టేది మరిచినారే."

పెన్ను తీసి ఆ వాక్యం కూడా చేర్చాను. ఫైళ్లను కాపాడుకునే పద్ధతి ఆ ఉదంతం నాకు పూర్తిగా నేర్పింది. ఎవరి దగ్గర నేర్చుకున్నామో రాయాలన్నది మాత్రం నేర్పలేకపోయింది. నేను ఉద్యోగం మానేవరకు ఆ కాగితం మీద నా పేరొక్కటే ఉంది.