కంప్రెసర్‌లో దీపపు నూనె

చెల్లీ, ఉదయం ఇంట్లో నోటితో చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు కలం పట్టాను.

బావుల్లో బండ తొలిచేందుకు మీ బావగారు బాడుగకిచ్చే కంప్రెసర్ ఉంది కదా. ఈ రోజు మనుబోలుకు పంపబోతూ వాకిట్లో నడిపి చూస్తే ఆయిల్ గేజి ముల్లు లేవలేదు. ఆపరేటర్ మస్తానయ్య వెంటనే ఇంజను ఆపి, అడుగున ఆయిల్ వడగట్టే జాలీ విప్పాడు. దానికి నల్లటి దూది అడ్డం పడి ఉంది.

“తుడిచే దూది లోపలే వదిలేసినావా? తాగొచ్చినావా ఏంది?” అన్నారు మీ బావగారు.

“పేనిన దూదితో ఎవురు తుడుస్తారు సామీ?” అని మస్తానయ్య నా వైపు చూసి ఆగిపోయాడు.

“ఎదురు మాటొకటా! రేపట్నించి రాబాక.”

అది నా వత్తి. నిన్న శుక్రవారం మిషనుకు పూజ చేశాను. దీపం కొండెక్కాక, ప్రమిదలో మిగిలిన నూనె ఎవరి కాలి కిందా పడకూడదని మిషను ఆయిల్ మూత తీసి అందులోనే పోశాను. నూనెతో పాటు వత్తీ జారిపోయినట్టుంది, చూసుకోలేదు.

మస్తానయ్య తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. నాది మెత్తని నోరని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెత్తదనమే ఈ రోజు ఒకరి కూడు తీసింది. నువ్వైతే చెప్పేదానివా?

ఈ కాగితం దాచి ఉంచు, ఎవరికీ చూపకు. చూపాల్సిన మనిషి ఈ ఇంట్లోనే ఉన్నారు. ఆ ధైర్యం నాకే రావాలి.