తేదీ మార్చిన కంటి శిబిరం

తెలంగాణ వచ్చిన కొత్తల్ల, డిగ్రీ చేసి ఖాళీగున్న నాసొంటోళ్లకు కంప్యూటరు ముంగట కూసునే ఏ నౌకరీ అయినా కలెక్టరుగిరీ లెక్కనే అనిపించేది. దేవరకొండల ఒక అన్న (చుట్టం కాదు, జీతమిస్తడు గాబట్టి అన్న) చుట్టుపక్కల ఊర్ల ముచ్చట్లు పెట్టే వెబ్‌సైటు నడుపుతుండె. నేను గా వెబ్‌సైటుల రాసేటోన్ని. సెల్లుల ఎవరేం వెతికినా మా పేజీలు ఎక్కడో అడుగున పడి ఉండేటివి. "గా వెతికే మిషిను పాత పేజీలను కిందికి నూకుతది తమ్మీ. తాజాగుంటెనే పైకి తెస్తది. రోజు కొత్త సంగతి రాయి," అన్నడు అన్న. కొత్తది రాయాలంటే ఎండల తిరగాలె. తేదీ మార్చుడు అల్కటి పని. పాత పేజీలన్నిటికి పైన తేదీలు మార్చిన, లోపల ఒక్క అక్షరం ముట్టలే. నాలుగు దినాలకు "ఈ గురువారం బడిల ఉచిత కంటి శిబిరం" అన్న పేజీ అన్నిటికంటె పైకొచ్చింది. అన్న చాయ్ తాపిచ్చిండు. నేను కాలరు ఎగరేసిన. (గా శిబిరం అయిపోయి రెండేండ్లు దాటిందని ఇద్దరికీ యాదికి లేదు.)

గురువారం పొద్దుగాల బడి ముంగటికెల్లి పోతున్న. తండాలకెల్లి, పల్లెలకెల్లి వచ్చిన ముసలోళ్లు నలభై మంది దాకా గేటు పట్టుకొని నిలబడ్డరు. అందరికంటె ముంగట మా అవ్వ!

"డాక్టర్లు ఏరిరా? పక్కింటి పిల్ల సెల్లుల చదివింది. నా మనుమడు రాసిండు, అబద్ధముండదని నేనే అందర్ని పట్కొచ్చిన," అన్నది.

"అవ్వా... అది పాతది. తేదొక్కటే నేను మార్చిన," అని చెప్పిన.

"ఎందుకు మార్చినవు బిడ్డా?"

పైన కనిపించనీకె అని ఎట్ల చెప్పాలె? ఎవరూ తిట్టలే. అదే ఎక్కువ గుచ్చుకున్నది. సర్కారు దవాఖానకు ఉరికిన. కండ్ల డాక్టరమ్మ మొత్తం విని, అద్దాలు తీసి నన్ను చూసింది. "నీకంటె ఆ ముసలోళ్లకే నయంగ కనిపిస్తాంది. పో, అందర్ని తోల్కరా. ముందుగాల ఆ పేజీ సక్కజెయ్."

గా దినమే కూసొని రాసిన: శిబిరం లేదు, దవాఖానల కండ్లు ఏ రోజు చూస్తరు, ఏ కాగితాలు తేవాలె. ఏదన్న మారితే డాక్టరమ్మను అడిగి మల్ల దిద్దుతుంటి. గా పేజీ చాన దినాలు పైన్నే ఉన్నది. అన్న నోరెళ్లబెట్టిండు, నేనూ అంతే.

అవ్వకు కంటి ఆపరేషనైంది. పట్టీ ఇప్పినంక నా మొఖం దిక్కు చాన సేపు చూసింది. తిడుతదేమో అని తల వంచుకున్న. "ఓరి, గిట్ల బక్కచిక్కినవేందిరా? ఎవరూ నాకు చెప్పనే లేదు!" అన్నది. ఇప్పుడు అంగీ గుండీలు పట్టని బొజ్జ వచ్చింది. గా బక్కోడు యాదికొస్తే నవ్వొస్తది, జర జాలి గూడ అయితది.